పెరుగు పూత ఎందుకు గట్టిపడలేదంటే...

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు. బాబుకి ఆరేళ్లు, పాపకి రెండున్నర. బాబుకి ప్యాకెట్లలో వచ్చే పెరుగు పూత కిస్‌మిస్ అంటే ప్రాణం. చాక్లెట్ కన్నా నయం కదా అని రెండేళ్లుగా రోజూ స్కూలు బాక్సులో పెడుతున్నాను. మొన్న పళ్ల డాక్టరు చూసి రెండు దవడ పళ్లు పుచ్చాయన్నారు. దాంతో ఇంట్లోనే చేద్దామని కిస్‌మిస్‌ని పెరుగులో ముంచి ఫ్రిజ్‌లో పెట్టాను. తెల్లారేసరికి నీళ్లు నీళ్లుగా అయిపోయింది, పారబోశాను. ఒవెన్‌లో పెట్టి చూస్తే పెరుగు విరిగిపోయింది. అరటిపండు ముక్కలు ఎండబెడితే నల్లబడ్డాయి. ఆపిల్ ముక్కలు బాగానే వచ్చాయి అనుకుంటే వారం తిరక్కుండానే డబ్బాలో బూజు పట్టాయి. అసలు ఇవి ఇంట్లో అయ్యే పనేనా? అయితే రోజుకి ఎంత పెట్టొచ్చు? పాప కూడా అన్నయ్యతో సమానంగా కావాలంటుంది, ఇవ్వొచ్చా? పండ్లు ఎండబెట్టే మిషను, అదే డీహైడ్రేటర్, కొంటే మేలా?

సమాధానం: ముందు ఆ పూత సంగతి. అది గట్టిపడకపోవడంలో మీ తప్పేమీ లేదమ్మా. పెరుగు అలా గట్టిపడే వస్తువు కాదు. ఈసారి ఆ ప్యాకెట్ వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. మామూలుగా ఏది ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాస్తారు. పూతలో మొదట కనిపించేది చక్కెర, ఆ వెంటనే పామ్ కెర్నల్ నూనె లాంటి కొవ్వు. పెరుగు పొడి ఆ తర్వాతెక్కడో వస్తుంది. బయట గట్టిగా నిలబడి నోట్లో పడగానే కరిగేది ఆ కొవ్వే. పెరుగు వల్ల వచ్చే గుణం కాదు అది. తెల్లగా ఉంది, పేరులో పెరుగుంది, అందుకే మనకి ఆరోగ్యంలా కనిపిస్తుంది. మీ బాబు రెండేళ్లుగా తింటున్నది దాదాపుగా తెల్ల చాక్లెట్ పూతే అనుకోండి.

ఇక మీ గిన్నెలో ఏం జరిగిందో చూద్దాం. పెరుగులో నూటికి 85 పాళ్లకు పైగా నీళ్లే ఉంటాయి. కిస్‌మిస్‌లో నీళ్లు 15 పాళ్లకు అటూ ఇటూ. ఈ రెండింటినీ ఒక రాత్రి కలిపి ఉంచితే ఎండిన పండు ఊరుకుంటుందా? పెరుగులోని తేటని పీల్చుకుని ఉబ్బుతుంది, తనలోని తీపిని కొంత బయటికి వదులుతుంది. పల్చటి పూతలో చిక్కటి పెరుగు ఉన్నదే కొంచెం కాబట్టి మీకు ఆ తియ్యటి నీళ్లే కనిపించాయి. ఒవెన్‌లో జరిగింది వేరే సంగతి. వేడికి పెరుగులోని ప్రోటీన్ బిగుసుకుపోయి నీళ్లని బయటికి పిండేసింది.

అందుకని ఆ ప్యాకెట్‌కి నకలు తయారు చేయాలనే పట్టుదల వదిలేయండి. ఎండిన పండుని ఎండినట్టే బాక్సులో పెట్టండి, పెరుగుని పెరుగులాగే ఇంట్లో చల్లగా ఉంచండి. రెండూ కలిపి పెట్టాలనుకుంటే దానికి ఫ్రిజ్, ఫ్రీజర్ ఉన్నాయి. బాక్సులో మాత్రం కుదరదు.

నిజానికి మీరు పారబోసినది మంచి వంటకమే, కొలతే తప్పింది. పెరుగు ఎక్కువ, పండు తక్కువ వేసి చేసి చూడండి. 200 గ్రాముల చిక్కటి పెరుగులో 30 గ్రాముల ఎండు పండ్లు, అంటే కిస్‌మిస్, ఖర్జూరం, ఆప్రికాట్ ఏవైనా సరే, చిన్న ముక్కలుగా కోసి కలిపి మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. తెల్లారేసరికి ముక్కలు మెత్తగా, రసంతో నిండి ఉంటాయి. పెరుగు ఇంకా చిక్కబడుతుంది, ఎందుకంటే దాని తేటంతా పండులోకి పోయింది. తీపి కూడా పెరుగుకి పడుతుంది, ఒక్క చెంచా చక్కెర వేయక్కర్లేదు. ఇద్దరు పిల్లలకీ సరిపోతుంది. స్కూలు నుంచి రాగానే పెట్టడానికి ఇంతకన్నా తేలికైనది నాకు తెలియదు. పెరుగు మాత్రం పుల్లబడక ముందే కలపాలి. పుల్లటి పెరుగుకి ఎండు పండ్ల తీపి చాలదు, అప్పుడు చెయ్యి చక్కెర డబ్బా మీదికి పోతుంది.

తేనె వేస్తే ఫర్వాలేదు కదా అని చాలామంది అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెర మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో తేనెనీ పళ్లరసాన్నీ కూడా తగ్గించుకోవలసిన చక్కెరల్లోనే లెక్కేసింది. పంటికి రెండూ ఒకటే. ఇంట్లో ఏడాది నిండని పసిబిడ్డ ఉంటే తేనె అసలు ముట్టించకూడదు. అందులో ఉండగల బాక్టీరియా వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది.

ఫ్రీజర్ సంగతికి వస్తే, పెరుగు చుక్కలు పిల్లలకి బాగా నచ్చుతాయి. అర కిలో పెరుగుని పల్చటి గుడ్డలో మూటగట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి ఫ్రిజ్‌లో నాలుగైదు గంటలు వదిలేయండి. సుమారు సగం బరువు తేటగా దిగిపోతుంది. ఆ తేటని పారబోయొద్దు, పిండి కలపడానికి బావుంటుంది. మూటలో మిగిలిన ముద్దలో బాగా మగ్గిన అరటిపండు సగం మెత్తగా చిదిమి కలపండి. పండు గుజ్జు ఎక్కువైతే నీళ్లు ఎక్కువై చుక్కలు మంచు గడ్డల్లా తయారవుతాయి. ప్లాస్టిక్ కవరులో నింపి మూల కత్తిరించి, బేకింగ్ పేపరు పరిచిన ట్రే మీద చిన్న నాణెమంత చుక్కలుగా పెట్టండి. రెండు గంటల్లో గట్టిపడతాయి, అప్పుడు డబ్బాలోకి తీసుకోవచ్చు. వెన్న తీయని పాల పెరుగైతే నోట్లో నున్నగా కరుగుతుంది, వెన్న తీసిన పెరుగు కరకరలాడుతూ మంచు ముక్కలా ఉంటుంది. గడ్డకట్టినంత మాత్రాన పెరుగులోని మంచి బాక్టీరియా అంతా చచ్చిపోదు, చాలావరకు నిద్రపోయినట్టు ఉండిపోతుంది.

ఇదే ముద్దని ట్రేలో వేలెడు మందాన పరిచి, పైన సన్నగా తరిగిన ఎండు పండ్లు చల్లి, గట్టిపడ్డాక విరిచి ముక్కలు చేసుకోవచ్చు. బాబు 'నాకు పూతే కావాలి' అని మొండికేస్తే దానికీ దారి ఉంది. కిస్‌మిస్‌ని ముందు ఫ్రీజర్‌లో గంటసేపు ఉంచి, వడగట్టిన పెరుగు ముద్దలో వేసి కలిపి, ఒక్కొక్కటీ ఫోర్కుతో తీసి పేపరు మీద విడివిడిగా పెట్టి మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టండి. ఇంకోసారి ముంచితే పూత మందంగా వస్తుంది. చూడ్డానికి అచ్చం ప్యాకెట్‌లోవే. కానీ ఫ్రీజర్‌లోంచి తీసిన పది నిమిషాల్లో తినేయాలి, బాక్సులో పెడితే మళ్లీ మొదటి కథే. ఒకటి రెండుసార్లు చేస్తే చాలు, ఓపిక మనకే అయిపోతుంది.

పెరుగులో ఏ పండైనా కలపొచ్చా అంటే, ఉడికించని అనాస, కివీ, బొప్పాయి కలిపి నిల్వ ఉంచకండి. వాటిలో ఉండే ఎంజైములు పాల ప్రోటీన్‌ని విరగ్గొడతాయి. గంటలో పెరుగు జారుడుగా, చేదుగా మారుతుంది. పాలు పాడయ్యాయని పాలవాళ్లని అనుమానించాను నేను ఒకసారి; తప్పు అనాసది. పండుని కాసేపు బాగా ఉడికించి చల్లార్చి కలిపితే ఆ గొడవ ఉండదు.

ఇప్పుడు మీ బూజు పట్టిన ఆపిల్. పైకి ఎండినట్టున్నా లోపల తడి మిగిలితే ఇలాగే అవుతుంది. త్వరగా అయిపోవాలని ఒవెన్ వేడి పెంచితే ముక్క పైభాగం గట్టి పొర కట్టేస్తుంది, లోపలి నీళ్లకి బయటికి వచ్చే దారి ఉండదు. పండ్లకి 57 నుంచి 60 డిగ్రీల వేడి చాలు. ముక్కలన్నీ అర సెంటీమీటరు మందాన, ఒకే తీరుగా ఉండాలి. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ బూజు అంతా ఇక్కడే మొదలవుతుంది. ఒక ముక్క మందంగా ఉంటే అది డబ్బా మొత్తాన్నీ పాడుచేస్తుంది. ఆపిల్‌కి ఆరు నుంచి పన్నెండు గంటలు పట్టొచ్చు. మీ ఒవెన్ అంత తక్కువ వేడికి దిగకపోతే అన్నిటికన్నా తక్కువలో పెట్టి, తలుపు సందులో చెక్క గరిట అడ్డం పెట్టి ఆవిరి పోనివ్వండి. పాప అటు తిరక్కుండా చూసుకోవాలి మరి. అందుకే నేను ఆ పని పిల్లలు పడుకున్నాకే పెట్టుకుంటాను.

ఎండాయో లేదో వేడి మీద తెలియదు. ఒక ముక్కని పూర్తిగా చల్లారనిచ్చి మధ్యకి తుంచి నొక్కండి. తుంచిన చోట చెమ్మ కనిపించకూడదు, ముక్క వంగాలి, వేళ్లకి అంటుకోకూడదు. ఆ తర్వాత చాలామంది చేయని పని ఒకటుంది. చల్లారిన ముక్కల్ని గాజు సీసాలో మూడింట రెండు వంతులే నింపి, మూత బిగించి, వారం రోజులు రోజుకొకసారి సీసాని కుదపండి. కొన్ని ముక్కల్లో మిగిలిన తడి మిగతావాటికి సర్దుకుంటుంది. ఈ వారంలో సీసా గోడలకి చెమ్మ పట్టిందంటే ఇంకా ఎండలేదని అర్థం, మళ్లీ ట్రే మీదికి ఎక్కించాలి. మీరు ఈ పని చేసి ఉంటే రెండో రోజుకే తెలిసిపోయేది. బూజు ఒకసారి కనిపించాక ఆ ముక్క తీసేసి మిగతావి తిందామనుకోవద్దు, సీసా మొత్తం పారేయాల్సిందే.

ఎండలో పెట్టాలంటే వేడి 30 డిగ్రీలు దాటి, గాలిలో తేమ తక్కువగా ఉన్న రోజులు వరసగా కొన్ని కావాలి. రాత్రిళ్లు లోపలికి తెచ్చుకోవాలి. ఎండిన తర్వాత రెండు రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే పురుగు గుడ్లు ఉన్నా చచ్చిపోతాయి. గాలి తేమగా ఉండేచోట ఈ పద్ధతి జోలికి పోకపోవడమే మంచిది.

అరటి ముక్కలు నల్లబడటం పాడవడం కాదు. కోసిన పండుకి గాలి తగలగానే అందులోని ఎంజైము చేసే పని అది. కోసిన వెంటనే నిమ్మరసం కలిపిన నీళ్లలో ఐదు నిమిషాలు ముంచి తీస్తే చాలావరకు ఆగుతుంది. ఎంత చేసినా మెరిసే పసుపు రంగు రాదు. ప్యాకెట్‌లో ఆప్రికాట్ నారింజ రంగులో మెరుస్తుందంటే రంగు మారకుండా దానికి సల్ఫర్ డయాక్సైడ్ అనే వాయువు పట్టించారన్నమాట. అది లేకుండా ఎండినది గోధుమరంగుకి తిరుగుతుంది, రుచికి ఏ లోటూ ఉండదు. ఉబ్బసం ఉన్న కొందరు పిల్లలకి దాని వల్ల పండులో మిగిలే సల్ఫైట్లు పడవు, అలాంటి ఇంట్లో ఈ గోధుమరంగు ముక్కలే మేలు.

పెరుగు కలిపిన పండ్ల తాండ్ర కూడా ఒక దారి. రెండు కప్పుల మామిడి గుజ్జుకో ఉడికించిన ఆపిల్ గుజ్జుకో అర కప్పు వడగట్టిన పెరుగు కలిపి, బేకింగ్ పేపరు మీద పల్చగా పరిచి, 60 డిగ్రీల్లో ఆరబెట్టాలి. అంచులు త్వరగా ఎండుతాయి కాబట్టి మధ్యలో కన్నా అంచుల్లో కాస్త మందంగా పరచండి. మామూలు కాగితం వాడొద్దు. నేను మొదటిసారి వాడి, సగం తాండ్ర కాగితంతో సహా తిన్నాం. ఆ వేడికి పెరుగులోని బాక్టీరియా చాలావరకు పోతుంది, ప్రోటీనూ కాల్షియమూ మిగులుతాయి. పాలు కలిసిన వస్తువు కాబట్టి ఫ్రిజ్‌లోనే ఉంచి వారంలోపు తినేయండి. బాక్సుకి మాత్రం పెరుగు లేని తాండ్రే పెట్టండి.

ఇక ఎంత పెట్టాలన్నది. ఇక్కడే చాలామంది తల్లులు పొరబడతారు, ఇంట్లో చేశాం కదా అని డబ్బా పిల్లల చేతికిచ్చేస్తారు. నాలుగు కిలోల ద్రాక్ష ఎండితే సుమారు ఒక కిలో కిస్‌మిస్ అవుతుంది. తగ్గింది నీళ్లే, చక్కెర అక్కడే ఉంది. 100 గ్రాముల కిస్‌మిస్‌లో 60 గ్రాములకు అటూ ఇటూ చక్కెరే. పీచు, పొటాషియం నిలుస్తాయి, విటమిన్ సి చాలావరకు పోతుంది. తాజా ద్రాక్ష ఒక గుత్తి తినేసరికి పొట్ట నిండుతుంది, అదే గుత్తి ఎండితే గుప్పెట్లో పట్టి రెండు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. మీ బాబుకి రోజుకి 30 గ్రాములు మించొద్దు, అంటే నిండుగా ఒక పెద్ద చెంచా. అంతకన్నా తగ్గినా నష్టం లేదు.

ఎంత అన్నదానికన్నా ఎప్పుడు అన్నది పళ్లకి ముఖ్యం. నోట్లోని బాక్టీరియా చక్కెరని ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం ఒక హద్దు దాటితే పంటి పైపొర కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్లీ దారికి తేవడానికి అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. బాబు బాక్సులోంచి గంటకో నాలుగు కిస్‌మిస్ నోట్లో వేసుకుంటే పంటికి తేరుకునే సమయమే దొరకదు. పైగా అవి దవడ పళ్ల గాడుల్లో అతుక్కుని కూర్చుంటాయి. పుచ్చినవి దవడ పళ్లే అన్నారు, నాకేం ఆశ్చర్యం అనిపించలేదు. ఎండు పండ్లు భోజనంతో పాటే పెట్టండి, తిన్నాక నీళ్లు పుక్కిలించి తాగమనండి. రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో బ్రష్ చేశాక ఏమీ పెట్టకండి. స్కూల్లో చిన్న విరామానికి తాజా పండు ముక్కలో చీజ్ ముక్కో మేలు.

మీరు అడగలేదు గానీ, 'రక్తం పడుతుంది' అని కిస్‌మిస్ పెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి చెప్తున్నాను. 30 గ్రాముల కిస్‌మిస్‌లో ఉండే ఐరన్ అర మిల్లీగ్రాముకి కాస్త పైన. మీ బాబు వయసు పిల్లలకి రోజుకి సుమారు పది మిల్లీగ్రాములు కావాలి. పెరుగుతో కలిపి తింటే అందులోని కాల్షియం ఆ కొంచెం ఐరన్‌ని కూడా పూర్తిగా ఒంటికి పట్టనివ్వదు. దీన్ని రుచికోసం తినే చిరుతిండిగా చూడండి, ఐరన్ భోజనం నుంచి రావాలి.

పాపకి అన్నయ్యతో సమానంగా పెట్టొద్దు. రెండున్నరేళ్లకి నమలడం ఇంకా పూర్తిగా కుదరదు. గుండ్రంగా, గట్టిగా, జిగటగా ఉండేవి గొంతుకి అడ్డం పడతాయి. పూర్తి ద్రాక్ష, కిస్‌మిస్ గుప్పెడు, పెద్ద తాండ్ర ముక్క, గట్టిగా ఎండిన ఆపిల్ ముక్క అన్నీ ఆ కోవలోవే. జీడిపప్పు, బాదం లాంటి పలుకులు ఐదేళ్లు నిండేదాకా అలాగే ఇవ్వకండి, పొడి చేసి పెరుగులో కలపండి. అదీ మొదటిసారైతే కొంచెమే వేసి, పడుతుందో లేదో చూడండి. పాపకి రాత్రంతా పెరుగులో నానిన ముక్కల్ని ఇంకా సన్నగా తరిగో, చిదిమో పెట్టొచ్చు. పెరుగు చుక్కలైతే పల్చగా చేసి, ఫ్రీజర్‌లోంచి తీసి రెండు నిమిషాలు ఆగి, కాస్త మెత్తబడ్డాక ఇవ్వండి. కూర్చోబెట్టి, మీరు పక్కనుండి పెట్టండి. కారులో వెనక సీట్లో, పరుగెత్తుతూ ఉన్నప్పుడు వద్దు.

అన్నయ్యది తనకెందుకు లేదని ఏడుస్తుంది, తెలుసు. ఒకే గిన్నె, ఒకే రంగు, ముక్కల సైజు మాత్రం వేరు. ఆ వయసులో గిన్నె ఒకటైతే చాలావరకు ఊరుకుంటారు. బాబుకి మాత్రం 'ఇదీ అదే' అని చెప్పకండి. మొదటి ముక్కకే పట్టేస్తాడు, ఆ తర్వాత మీరు ఏం చేసినా నమ్మడు. ఇది వేరే వస్తువని చెప్పి, చుక్కలు పెట్టే పని వాడికే ఇవ్వండి. సగం ట్రే బయట పడుతుంది, పడనివ్వండి.

డీహైడ్రేటర్ ఇప్పుడే కొనకండి. నానబెట్టిన పెరుగుకీ చుక్కలకీ దానితో పనే లేదు, నెలరోజులు ఆ రెండూ నడిపించండి. ఆ తర్వాత కూడా ఒవెన్ ముందు వారం వారం ఆపిల్ ముక్కలతో కూర్చోవాలనిపిస్తే అప్పుడు చూద్దురు. కొనేటప్పుడు వేడిని డిగ్రీల్లో సెట్ చేసుకునే మీట, లోపల ఫ్యాను రెండూ ఉన్నదే తీసుకోండి. ఆ రెండూ లేనిదైతే మీ ఒవెనే నయం.